మూడు గంటల దొరసాని

మధ్యాహ్నం మూడయ్యేసరికి పిన్ని కుట్టుమిషను తొక్కడం ఆపేస్తుంది. సూదిని భుజం దగ్గర బట్టకు గుచ్చుకుని, ఒళ్లో పడిన దారప్పోగులు దులుపుకుని, టీవీ ఎదురుగా ఉన్న బల్ల మీద ఒక చివర కూర్చుంటుంది. రెండో చివర ఎప్పుడూ దిండు వేసి ఉంచుతుంది. ఆ వేళకు వచ్చేది జపాను వాళ్ల పాతకాలపు సీరియల్. పొరలు పొరలుగా పట్టుబట్టలు కట్టిన దొరసాని, భర్త పోయాక కోటను ఒంటిచేత్తో నెట్టుకొస్తుంటుంది. ఆ పట్టు అంచులు, ఆ నెమ్మది నడక చూసి పిన్ని మురిసిపోతుంది. మాటలు కింద తెలుగులో పడతాయి గానీ పిన్నికి చదువు రాదు. చెల్లెలు ఆ రెండో చివర కూర్చుని చదివి వినిపించేది. ఆ చెల్లెలు పోయి నాలుగు నెలలు.

మొన్న కర్టెన్లు తీసుకెళ్లడానికి వచ్చిన పక్కింటి కోడలు దిండు మీద కూర్చోబోయింది.

"అక్కడొద్దమ్మా, ఇటు కుర్చీలో కూర్చో," అంది పిన్ని.

కోడలికి జాలేసింది. "నేను చదివి పెట్టనా పిన్నీ? ఉత్త బొమ్మలు చూస్తే ఏం తెలుస్తుంది?"

"తెలీకేం? 'నేను బతికుండగా ఈ తలుపు తెరుచుకోదు' అంటోందిగా మహాతల్లి! ఎంత ధైర్యమో!"

దొరసాని అప్పుడు నోరు విప్పింది. కింద అక్షరాలు పడ్డాయి. ఒక్క మాట తేడా లేదు. అది ఆ రోజే మొదటిసారి వస్తున్న భాగం.

కోడలు తర్వాతి మాట పైకి చదవబోయింది.

"నువ్వూరుకో తల్లీ," అంటూ పిన్ని దిండు వైపు చెవి వంచింది. "ఇద్దరూ ఒకేసారి చదివితే నాకు దాని గొంతు వినపడదు."