సుడిగాలి అన్నాను

ఖతర్ అనగానే నాకు గుర్తొచ్చేది నేను తప్పుగా చెప్పిన ఒక్క మాట.

మెసయీద్‌లో పని ముగించుకుని కంపెనీ కారులో దోహా వెళ్తున్నాను. బండి నడిపే రాజన్నది జగిత్యాల దగ్గర పల్లె. నా పక్కన కూర్చున్న ఇంగ్లండు ఇంజనీరు ఉన్నపళంగా సెలవు పెట్టి ఇంటికి బయల్దేరాడు. ఫోన్లో తన ఇంటి ఫొటో చూపించాడు. పైకప్పు పెంకులు వీధంతా పడున్నాయి. పొగగొట్టం విరిగి పడకగదిలో మంచం మీద కూలింది. భార్య వంటింట్లో ఉండబట్టి బతికిందట. టోర్నడో అన్నాడు. ఆ దేశంలోనూ అవి వస్తాయని నాకు తెలియదు.

“ఏమైందట సార్?” రాజన్న అడిగాడు.

“సుడిగాలికి ఇల్లు పాడైందట,” అన్నాను. అప్పటికి ఆ మాటే తోచింది.

రాజన్న పకపకా నవ్వాడు. “సుడిగాలికా? మా చేన్ల, చెల్కల ఎండకాలం దినాం లేస్తది సార్. ఇంత చెత్త లేపి పోతది. గదానికే ఇల్లు కూలుతదా?”

నాకూ నవ్వొచ్చింది. అద్దంలో రాజన్న ముఖం, పక్కన నా ముఖం చూసి ఇంజనీరు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. విమానాశ్రయం దగ్గర తన బ్యాగు తానే తీసుకుని దిగిపోయాడు.

అతను లోపలికి వెళ్లిపోయాక ఫొటోలో చూసిందంతా రాజన్నకు చెప్పాను. రాజన్న అతను వెళ్లిన తలుపు వైపు తిరిగి చూశాడు.

“గాలిదుమారం అనకపోతిరి సార్,” అన్నాడు. “పోయినేడు గాలిదుమారానికి మా ఇంటి రేకులు లేసిపోతే, మేనేజరుతోని కొట్లాడి నాకు లీవు ఇప్పిచ్చింది ఈ ఇంజనీరు సారే.”