ఉయ్యాలకూ పూలదండకూ మధ్య

నా చిన్నప్పుడు నన్ను ఏమని పిలవాలో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు. ఉయ్యాలలో ఉన్న తమ్ముడు పసివాడు. మా అక్క పెద్దది. ఏడేళ్ళు నిండీ నిండని నేను మాత్రం పొద్దున ఒకటి, మాపు ఒకటి. అమ్మ ఒళ్ళో కూర్చోబోతే "ఇంకా చంటిపిల్లాడివా?" అని దించేసేది. అక్కతో పాటు లాడ్ బజార్‌లోని నాన్న గాజుల దుకాణానికి వెళ్తానంటే "పసివాడివి, జనంలో తప్పిపోతావు" అని ఆపేది. ముద్దు చేసేటప్పుడు చిన్నవాణ్ణి కాను, బయట తిప్పేటప్పుడు పెద్దవాణ్ణి కాను. బియ్యం సంచి లోపలికి లాగాలంటే మాత్రం ఒక్కసారిగా పెద్దవాణ్ణి అయిపోయేవాణ్ణి.

మేము లాల్‌దర్వాజా వెనక గల్లీలో అద్దెకుండేవాళ్ళం. అమ్మానాన్నలు ఉర్దూ మాట్లాడేవారు. మా నాన్నమ్మ పాలమూరు వైపు పల్లె నుంచి కోడలిగా వచ్చింది, ఎన్నేళ్ళైనా ఆమె నోటి నుంచి తెలుగు పోలేదు. ఆమెను మేము దాదీ అనేవాళ్ళం. నమాజు, దువా అరబ్బీలో, మమ్మల్ని ముద్దు చేయడమూ తిట్టడమూ తెలుగులో. నాకు తెలుగు వచ్చింది ఆమె తిట్ల వల్లనే అని నాన్న నవ్వేవారు.

ఆ ఏడు రంజాన్ ఎండాకాలంలో పడింది. మా అక్క మొదటిసారి రోజా, అంటే పూర్తి ఉపవాసం, ఉంటానంది. మా ఇళ్ళలో బిడ్డ మొదటి ఉపవాసం పండగే. రోజా కుషాయి అంటాం. కొత్త బట్టలు తొడుగుతారు, మెడలో పూలదండ వేస్తారు, సాయంత్రం మగ్రిబ్ నమాజుకు అజాన్ పిలుపు వినపడగానే చుట్టాలందరి మధ్యా మొదటి ఖర్జూరం ఆ బిడ్డ నోటికే అందిస్తారు. అక్క కోసం నాన్న జరీ అంచు కుచ్చుల గరారా డ్రెస్సు కుట్టించారు. దుకాణంలో అద్దాలు పొదిగిన లక్కగాజులు వేరుగా తీసి పెట్టారు. ఆ గాజుల్ని నేను చూడగలిగినన్నిసార్లు చూశాను. వాటితో నాకు పనేమీ లేదు. అవి అక్కవి కావడమే నా బాధ.

నేనూ ఉంటానని పట్టుబట్టాను. అమ్మ నవ్వి, ఒక్క దవడ రోజా ఉండమంది. చిన్నపిల్లల్ని ఊరుకోబెట్టడానికి మా పెద్దలు చేసే ఉపాయం అది. కుడి దవడతో తినాలి, ఎడమ దవడ ఉపవాసం. ముందటేడు నేను దాన్ని నిజంగా నమ్మాను. రోజంతా తల ఒక పక్కకి వాల్చి తిని, దేవుడు నా ఎడమ దవడను ఎంత మెచ్చుకుంటాడో అనుకున్నాను. ఈసారి ఆ మాట అనగానే అక్క కిసుక్కున నవ్వింది. "సగం రోజాదారొచ్చిండు, జరుగుండ్రి జరుగుండ్రి," అంది. ఆ నవ్వుతో నా రెండు దవడలూ ఒకటే మండాయి.

ఆ రోజు ఇల్లంతా అక్క చుట్టూ తిరిగింది. గడప దాటి వచ్చిన ప్రతి ఒక్కరూ ముందు ఆమెనే అడిగారు. దప్పికయితుందా తల్లీ, కళ్ళు తిరుగుతున్నాయా, కాసేపు పడుకుంటావా. ఆమె పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. ఆ ఎండిన పెదవుల మీద కూడా నాకు అసూయే. నేను అద్దం దగ్గరికి వెళ్ళి చూసుకున్నాను. పొద్దున తాగిన పాల మరక ఇంకా మూతికి ఉంది.

ఆమె తర్వాత వంతు తమ్ముడిది. వచ్చినవాళ్ళు ఉయ్యాల దగ్గర ఆగి, వాడి బుగ్గ గిల్లి, వేళ్ళు ముద్దు పెట్టుకుని లోపలికి వెళ్ళేవారు. ఆ ఉయ్యాల తాడు పట్టుకుని ఊపుతున్నది నేను. నన్ను చూసినవాళ్ళు "తమ్ముణ్ణి మంచిగ చూసుకో, పెద్దోడివి గద," అని ముందుకు నడిచారు.

మధ్యాహ్నం పక్కింటి పెద్దమ్మ మల్లెమొగ్గలు ఒళ్ళో పోసుకుని మా గడపలో కూర్చుంది. వాళ్ళది అఫ్జల్‌గంజ్‌లో పప్పుల వ్యాపారం. మా ఇంట్లో ఏ మంచి జరిగినా దండ తానే అల్లాలని ఆమె పంతం.

"ఏందిరా పోరడా, మూతి గట్ల ముడుచుకున్నవ్? నీక్కూడ దండ అల్లాల్నా?"

"అల్లు," అన్నాను.

"ముందుగాల ఒక్క పూట అన్నం మాను, అప్పుడు అల్లుత. నిన్న మా ఇంట్ల గారెలన్ని నువ్వే ఊడ్చినవ్ గద!"

లోపలి నుంచి అమ్మ నవ్వు వినపడింది. నేను ఉయ్యాలను అవసరమైనదానికంటే గట్టిగా ఊపాను. తమ్ముడు లేచి ఏడుపు మొదలుపెట్టాడు.

పెద్దమ్మ దండ అల్లడం ముగించి ఇంటికి వెళ్ళాక కూడా వాడు ఊరుకోలేదు. అమ్మ వంటింట్లో పిండి కలుపుతోంది. అక్క వచ్చి వాణ్ణి చంకనెత్తుకుంది. దువా ఏదో సన్నగా పాడుతూ, వాణ్ణి జో కొడుతూ వసారాలో ఇటూ అటూ తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ నీళ్ళకుండ దగ్గర ఆగింది. మూత తీసింది, గ్లాసు ముంచింది, గటగటా తాగింది. మూత పెట్టింది, దుపట్టా కొసతో మూతి తుడుచుకుంది, పాట వదిలిన చోట అందుకుని మళ్ళీ నడిచింది.

నేను చూశాను. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఈ వయసులో కూడా నాకు గుర్తుంది, చెప్పడానికి సిగ్గేమీ లేదు, పిల్లల మనసులో అది ఉంటుంది. ఇక అక్కకు దండ లేదు, గరారా లేదు, ఖర్జూరం లేదు అనుకుంటూ దాదీ దగ్గరికి పరుగెత్తాను.

దాదీ తఖ్తా బల్ల మీద కూర్చుని ఖర్జూరాల్లో గింజలు తీస్తోంది. పక్కనే, వంటింట్లోంచి వచ్చిన అమ్మ పళ్ళెం అందుకోవడానికి వంగి ఉంది.

"దాదీ, అక్క నీళ్ళు తాగింది! నేను చూసిన. తమ్ముణ్ణి చంకల పెట్టుకొనే నిండా గ్లాసు తాగింది!"

పళ్ళెం కోసం చాచిన అమ్మ చెయ్యి అట్లాగే ఆగిపోయింది. చుట్టాలకు పిలుపులు వెళ్ళాయి, దేగ్చాలు పొయ్యి మీద ఉన్నాయి. "యా అల్లా, పిలుస్తా దాన్ని," అంటూ కదలబోయింది.

మా దాదీ కోడలిని ముగ్గురు పిల్లల తల్లి అయినా దుల్హన్, అంటే పెళ్ళికూతురు, అనే పిలిచేది. "ఆగు దుల్హన్. దాన్నడిగితే ఏం తెలుస్తది? అది మర్చిపోయి తాగుంటే తాగినట్టు దానికే తెల్వదు. అడిగితే బుగులువడి ఏడుస్తది." ఖర్జూరం కింద పెట్టి, చేతులు తుడుచుకుని, నన్ను దగ్గరికి లాక్కుంది. ఆమె మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు.

"మర్చిపోయి తాగితే రోజా చెడదు బేటా. అల్లానే తాపిండనుకుంటం. యాదుండి తాగితే చెడుతది. అప్పుడు గీ పండగ ఇయ్యాల గాదు, ఇంకోనాడు చేసుకుంటం. తప్పేం లేదు, చిన్నపిల్ల. గని ఏది జరిగిందో నాకు ఎరుక గావాలె. నువ్వు చూసినవు. నువ్వే చెప్పు."

నేను ఖాళీ ఉయ్యాల వైపు చూశాను. ఎందుకు చూశానో తెలియదు. దాదీ నా చూపు పట్టుకుంది.

"గా చంటోడు గూడ చూసిండు, దాని చంకలనే ఉండె గద. వాణ్ణెందుకు అడగ? వాడు పసోడు. వానికి కండ్లున్నయి, కనవడ్డదానికి తేడా తెల్వదు. నీకు తెలుస్తది. గందుకే నువ్వు పసోనివి గావు. పెద్దోనివి గూడ గావు, నీ మీద రోజా లేదు, బరువు లేదు. నువ్వు పిల్లగానివి. నిన్ను అడగొచ్చు."

అంతవరకూ నన్ను ఎవరూ దేన్ని గురించీ అట్లా అడగలేదు. అమ్మ నా నోటి వైపే చూస్తోంది. యాదుండే తాగింది అనే మాట నా నాలుక చివర ఉంది. ఆ ఒక్క మాట అంటే చాలు. అక్క కాదని వాదించినా ఎవరూ నమ్మరు.

కానీ నేను చూసిందేమిటి? దొంగతనంగా తాగేవాడు అటూ ఇటూ చూస్తాడు. డబ్బాలోంచి బెల్లం తీసేటప్పుడు నేను చూసేవాణ్ణి. అక్క ఎటూ చూడలేదు. పాట ఆపింది గుటకల కోసమే. మూత చప్పుడు కాకుండా పెట్టాలని కూడా అనుకోలేదు. ఆ చెయ్యి రోజూ వెళ్ళే చోటికి రోజూలాగే వెళ్ళి వచ్చింది.

"మర్చిపోయింది దాదీ," అన్నాను. అనేశాక కోపం ఆగలేదు. భోరున ఏడ్చాను. జాలితో కాదు, నా చేతికి వచ్చింది నేనే వదులుకున్నానన్న ఉక్రోషంతో.

దాదీ నన్ను మెచ్చుకోలేదు. కొంగుతో నా ముక్కు తుడిచి, "అయితే అయిపాయె. గీ మాట గడప దాటొద్దు. దానికి గూడ చెప్పకు, దాని దిల్ ఖరాబయితది," అంది. అమ్మ నా తల మీద చెయ్యి వేసి, పళ్ళెం అందుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నిజం చెప్పడం ఒక క్షణంలో అయిపోయింది. అసలు కష్టం సాయంత్రం వచ్చింది. అక్క గరారా తొడుక్కుని, గాజులు వేసుకుని, మధ్యలో కూర్చుంది. అజాన్ వినపడింది. నాన్న ఖర్జూరం నోటికి అందించారు. పక్కింటి పెద్దమ్మ దండ మెడలో వేసి, మెటికలు విరిచింది. అందరూ మాషా అల్లా అంటున్నారు. మామయ్య ఒకాయన "ఒక్క చుక్క నీళ్ళు ముట్టకుండ ఇంత ఎండల ఉన్నదంటే మాటలా!" అన్నాడు. నేను నా పెదవుల్ని పళ్ళతో పట్టుకున్నాను. పెద్దమ్మ నా వైపు తిరిగి "అక్కకు దండ పడ్డది, నీదేదిరా?" అని ఎగతాళి చేసింది. నేను గుప్పెడు గుగ్గిళ్ళు నోట్లో కుక్కుకున్నాను. లోపల మంట ఏ మాత్రం తగ్గలేదు.

తర్వాత మదర్సాలో చదువుకున్నాను, జమాత్‌లో పెద్దల దగ్గర కూర్చుని ఎన్నో ఏళ్ళు విన్నాను. మనిషి తొలి వయసుకు పండితులు వేరువేరు పేర్లు ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది. పాలు తాగే బిడ్డ వేరు, మంచీ చెడూ తేడా తెలిసిన పిల్లవాడు వేరు, యుక్తవయసు వచ్చి బాధ్యత మీద పడ్డవాడు వేరు. మన తెలుగులోనూ అంతే. చంటి అనే మాట పాలకు దగ్గర. పసి అనే మాట తెలియనితనానికి దగ్గర. పిల్లవాడు అన్నామంటే ఇల్లంతా తిరిగేవాడు, చూసేవాడు, చూసింది చెప్పగలవాడు. చిన్నవాడు అని అందరినీ ఒకటే గంపలో వేస్తే ఎవరికి ఏది చెందాలో తెలియకుండా పోతుంది. మా పెద్దలు ఇంకో మాట కూడా చెప్పేవారు. దేవుడి దగ్గర పసిబిడ్డ లెక్కలో మంచీ చెడూ ఏదీ ఉండదు, ఎదిగినవాడి లెక్కలో రెండూ ఉంటాయి, ఆ మధ్యలో ఉన్న పిల్లవాడికి మాత్రం చేసిన మంచి ఉంటుంది, చెడు పట్టరు అని. అంత దయగల చోట నిలబడి నేను అటు ఉయ్యాలనూ ఇటు పూలదండనూ చూసి ఏడ్చాను. ఆ రోజే ఈ సంగతి తెలిసి ఉంటే అసూయ ఉండేది కాదేమో. ఉండేదేమో కూడా.

నా రోజా కుషాయి తర్వాత జరిగింది. దండ వేశారు, ఫోటో కూడా తీయించారు. దాని గురించి నాకు చెప్పుకోదగ్గదేమీ గుర్తు లేదు.

అక్క నాన్నమ్మ అయ్యాక, ఆమె మనవరాలి కుషాయి రోజున, ఈ సంగతి చెప్పాను. చాలాసేపు నమ్మలేదు. తర్వాత కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నీళ్ళు తాగినందుకు గాదురా, నువ్వు ఇన్నేళ్ళు నోరు మూసుకున్నందుకు ఆశ్చర్యమయితుంది," అంది.

అసూయ నన్ను విడిచిపెట్టలేదు. నమాజు, రోజా, ఇన్నేళ్ళ వయసు, ఏదీ దాన్ని పూర్తిగా కడగలేదు. ఆ మధ్య మా మసీదులో పిల్లలకు చదువు చెప్పడానికి ఒకరిని ఎంచుకోవాల్సి వచ్చింది. నేను ఆశపడ్డ పని అది. కమిటీవాళ్ళు నన్ను కూర్చోబెట్టి, నాకంటే చాలా చిన్నవాడైన ఒకాయన గురించి అడిగారు, చూశారు కదా, ఎట్లా చెప్తాడు అని. ఆ పాత మంట మళ్ళీ లేచింది. ఆ మంట ఆరాక మాట్లాడదామనుకుంటే నా నోట ఎప్పటికీ మాట రాదు. దాన్ని అట్లాగే మండనిచ్చి, ఆయన పిల్లలకు చాలా బాగా చెప్తాడని చెప్పి, లేచి చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చాను.