పక్క సీటు

మా అమ్మాయి చిన్నికి చదువు కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది. అలాంటి పిల్లలకు విడిగా కూర్చోబెట్టి చెప్పే బడి, కువైట్‌లో మేముండే ఫహాహీల్‌లో మా ఇంటికి దగ్గరగా ఒక్కటే ఉంది. అందులో సీటు కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నాం. అందాకా ట్యాబ్‌లోనే పాఠాలు. హైదరాబాదు నుంచి వచ్చిన రజిత కొడుకు అభిదీ ఇదే పరిస్థితి. ఆ బడి వరండాలో కూర్చునే మేమిద్దరం స్నేహితులమయ్యాం.

ఈ సాయంత్రం రజిత ఫోన్ చేసింది.

"అక్కా, మావోనికి సీటొచ్చింది. పొద్దున్నే చెప్పిండ్రు. నీకెట్ల చెప్పాల్నో తెల్వక ఇప్పటిదాంక ఆగిన."

"ఇందులో ఇంత ఆలోచనేముంది? మంచి మాటేగా," అన్నాను. నిజంగానే సంతోషించాను. కానీ చిన్ని పేరు ఇంకా జాబితాలోనే ఉంది.

చిన్ని నా దగ్గర్నుంచి ఫోన్ లాక్కుని అభిని పిలవమంది. వాడు పలకగానే, "బళ్ళో నీ పక్కన నాకు సీటుంచు. ఇంకెవర్నీ కూర్చోనీకు," అని చెప్పింది. వాడు సరేనన్నాడు.

ఏడాదిగా మాకు ఎవరూ ఇవ్వని మాట వాడు ఒక్క క్షణంలో ఇచ్చేశాడు. "ఎప్పుడెళ్దాం?" అని చిన్ని ఇంకా అడుగుతూనే ఉంది. మీరైతే ఏం చెప్పేవారు?