కె.ఆర్. పురంలో దిగాల్సిన మనిషి

మా కె.జి.ఎఫ్. విడిచి పోయినవాళ్ళను "బాధగా లేదా?" అని అడిగి చూడండి, అందరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుంది. బంగారు గనులు మూతపడ్డాక పోయినవాళ్ళు "ఏం చేసేది, బతకాల కదా" అంటారు. చదువుకుని పోయినవాళ్ళు ఇక్కడి చల్లగాలిని, బేకరీ బన్నును ఒక అరగంట పొగిడి, ఆపైన బెంగళూరు బస్సెక్కుతారు. నలభై తొమ్మిదేళ్ళుగా ఇక్కడి రాబర్ట్‌సన్‌పేటలోనే పడి ఉన్నవాణ్ణి కాబట్టి ఈ పొగడ్తలు నేను చాలా విన్నాను. వాటిమీద నాకు పెద్ద గౌరవం లేదు. ఊరంటే అంత ప్రాణమైనవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం మూడింటికే చెప్పులు వెతుక్కోరు.

లక్ష్మీనరసింహ సంగతి వేరు. ఆయన ఊరు విడిచాడా లేదా అన్నదే నాకు చాలాకాలం తేలలేదు.

ఆయన బెంగళూరు కంటోన్మెంట్ దగ్గర ఒక బీమా కంపెనీలో రికార్డుల సెక్షన్ గుమాస్తా. ఇరవై ఆరేళ్ళపాటు రాబర్ట్‌సన్‌పేట నుంచి రోజూ పోయి వచ్చాడు. మా ఊళ్ళో దీన్ని అప్పండౌను అంటారు. తెల్లవారకముందే ఊరిగాం స్టేషన్లో రైలెక్కడం, రాత్రి ఎనిమిదిన్నరకు అదే స్టేషన్లో దిగడం. ఇంట్లో ఆయన మెలకువగా ఉండేది రోజుకు రెండు గంటలు, అందులో ఒక గంట స్నానానికి, భోజనానికి పోయేది. ఒక ఆదివారం బజారులో ఎవరో పొరుగూరి మనిషి పోస్టాఫీసు యాడ అని అడిగితే ఆయన చక్కగా దారి చెప్పి పంపించాడు. పోస్టాఫీసు ఆ వీధిలో నుంచి మారి అప్పటికి తొమ్మిదేళ్ళయింది. ఆ మనిషి తిరిగి వచ్చి "మీదీ ఊరు కాదా సార్?" అని మర్యాదగానే అడిగాడట.

అదే మనిషిని రైల్లో చూడాలి. ఇంజను నుంచి మూడో బోగీ, ఎదురెదురుగా ఎనిమిది సీట్లు మావి. మారికుప్పంలో ఎక్కే ఓబలప్ప ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడు, ఎనిమిది సీట్ల మీదా తువ్వాళ్ళు పరిచి చోటు పట్టేది అతనే. చాంపియన్‌లో మాల ఎక్కుతుంది, గార్మెంట్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నేను శివాజీనగర్లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. లక్ష్మీనరసింహ ఎక్కి కూర్చున్నాడంటే ఇక మాకు మాలూరు దాకా నిద్ర లేదు. ముళబాగిలు లారీ డ్రైవరు ఒకడు బీమా కాగితంలో నామినీ పేరు రాయమంటే లారీ నంబరు రాసిన కథ ఆయన మాకు నలభైసార్లు చెప్పి ఉంటాడు, మేము నలభైసార్లూ నవ్వాం. ఓబలప్పకు అన్నదమ్ముల తగవు వస్తే తీర్చింది ఆయన. మాల కూతుర్ని ఏ కాలేజీలో చేర్చాలో చెప్పింది ఆయన.

ఇంటికి పోతే మాత్రం నోరు తెరవడు. ఇది నా మాట కాదు, ఆయన భార్య కుముద మాట. "మా ఇంట్లో ఆయనకన్నా గోడ గడియారం ఎక్కువ మాట్లాడతాదప్పా" అనేది.

కుముదను మా పేటలో పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ టీచరమ్మే. గౌనిపల్లి నుంచి కోడలుగా వచ్చింది. వచ్చిన కొత్తల్లో ఇక్కడి అరవం కలిసిన తెలుగు అర్థంకాక అంగడికి పోయి వేలు పెట్టి చూపించేదట. ఆ తర్వాత ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇరవై రెండేళ్ళు కన్నడం చెప్పింది. నా కూతురూ ఆమె దగ్గరే చదివింది. మార్కెట్‌కు పోతే నాలుగు వీధులు దాటడానికి ఆమెకు గంట పట్టేది, ఎదురయ్యే ప్రతివాళ్ళూ ఆమె దగ్గర దెబ్బలు తిన్నవాళ్ళే కాబట్టి.

మూడేళ్ళ కిందట లక్ష్మీనరసింహకు నడుం నొప్పి పట్టుకుంది. రైలు ప్రయాణం మానమన్నాడు డాక్టరు. కూతురు మధురకు అప్పటికే పెళ్ళయి మైసూరులో ఉంది. సర్వీసు ఇంకా నాలుగేళ్ళుంది. బెంగళూరు శివారు కె.ఆర్. పురంలో స్టేషన్‌కు పది నిమిషాల దూరంలో ఇల్లు తీసుకుంటే ఆయన ఆరున్నరకల్లా ఇంటికి చేరతాడని లెక్క చెప్పింది కుముదే. "ఇరవై ఆరేండ్లు మీకు క్యారియరు కట్టినాను. ఈ నాలుగేండ్లన్నా సాయంత్రాలు కూర్చోని మాట్లాడుకుందాం" అంది. ఆయన సరేనన్నాడు. ఆయన దేనికైనా సరే అనేవాడు.

ఆమె ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. హెడ్మిస్ట్రెస్ ఆ కాగితం నెలరోజులు సొరుగులో పెట్టుకుని కూర్చుంది. చివరి రోజు పిల్లలు ఏడ్చారు, ఈమె ఏడవలేదు. లారీలో సామాను ఎక్కిస్తుంటే నేను సాయానికి పోయాను. "బాధగా లేదా టీచరమ్మా?" అని అడిగాను.

"ఎందుకప్పా. ఆయనకోసరం పోతా ఉండాను. ఊరు యాడికీ పోదు కదా" అంది.

కొత్త ఇంట్లో మొదటి నాలుగు రోజులు ఆయన బుద్ధిగా కె.ఆర్. పురంలో దిగాడు. సాయంత్రం ఎక్కేది మా రైలే, కూర్చునేది మా మధ్యనే, కాకపోతే ఇరవై ఐదు నిమిషాలకే లేచి పోవాలి. ఇంటికి చేరేసరికి కుముద కరకరలాడే కోడుబళ్ళు వేయించి పెట్టేది. ఆయన తిని "బాగుండాది" అనేవాడు. తర్వాత ఇద్దరూ కుర్చీల్లో కూర్చునేవాళ్ళు. ఆమె ఏదో అడిగేది, ఆయన ఊఁ అనేవాడు. కాసేపటికి ఆయన లేచి టీవీ పెట్టేవాడు. ఇదంతా ఆమె నాకు తర్వాత చెప్పింది.

ఐదో రోజు మా బోగీలోకి కొత్త మనిషి ఒకడు వచ్చాడు. లారీ డ్రైవరు కథ వినని మనిషి. కథ మంచి పట్టులో ఉండగా కె.ఆర్. పురం వచ్చింది, పోయింది. వైట్‌ఫీల్డు కూడా దాటాక లక్ష్మీనరసింహ కిటికీలోంచి చూసి నాలుక కరుచుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ స్టేషన్లో లేవని కాళ్ళు కదా, లేవలేదు. మేమంతా పడి పడి నవ్వాం. ఆయన మాలూరులో దిగి, అవతలి వైపు రైలు పట్టుకుని, ఇంటికి చేరేసరికి ఎనిమిదయింది.

మరుసటి వారం రెండుసార్లు మరిచిపోయాడు. ఆ పై వారం నుంచి రోజూ మరిచిపోయాడు. రోజూ మరిచిపోయేదాన్ని మరుపు అనరని నాకూ తెలుసు. కె.ఆర్. పురం వస్తుంటే "సార్, లేవండి" అని ఒక్క మాట అనడానికి ఏడుగురం ఉన్నాం, ఒక్కరం అనలేదు. స్టేషన్ దగ్గరపడితే ఓబలప్ప కిటికీలోంచి బయటికి చూసేవాడు, మాల ఫోను తీసేది, నేను కళ్ళు మూసుకునేవాణ్ణి. ఆయన లేచిపోతే మిగతా రెండు గంటలు మాకు గడవవు. ఇంటి దగ్గర ఒకామె కోడుబళ్ళు చేసుకుని కూర్చుంటుందని నాకు తెలుసు. తెలిసే కళ్ళు మూసుకున్నాను, అందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఇంట్లో ఆయన చెప్పిన అబద్ధం, ఆఫీసులో పాత ఫైళ్ళన్నీ కంప్యూటర్‌కు ఎక్కిస్తున్నారని. కుముద నమ్మింది. ఐదు నెలలు నమ్మింది.

ఒక రోజు చొక్కా ఉతకబోతూ జేబు చూస్తే రైలు పాసు దొరికింది. కొత్తగా తీసుకున్న మూడు నెలల పాసు. కె.ఆర్. పురం దాకా తీసుకోవాల్సిన మనిషి మాలూరు దాకా తీసుకున్నాడు. ఆమె ఆ పాసును మళ్ళీ మడిచి వేరే చొక్కా జేబులో పెట్టింది.

మరుసటి రోజు సాయంత్రం కంటోన్మెంటులో మా బోగీ ఎక్కింది. చేతిలో ఒక సంచి, అంతే. లక్ష్మీనరసింహ తలుపు వైపు వీపు తిప్పి మాకు కొత్త మేనేజరు ఇంగ్లీషును అనుకరించి చూపిస్తున్నాడు. మాల ముందుగా ఆమెను చూసి చటుక్కున జరిగి చోటిచ్చింది. ఆయన తిరిగి చూసి ఆగిపోయాడు.

"చెప్పండి, నిలపొద్దు" అంది కుముద. "నేనూ వింటాను."

ఆయన చెప్పలేకపోయాడు. ఆమె ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చుంది. కోపంగా కాదు, క్లాసులో వెనక బెంచీ పిల్లవాడు ఉన్నట్టుండి సరైన జవాబు చెబితే చూసినట్టు చూసింది. రైలు కె.ఆర్. పురంలో ఆగింది. ఆయన సగం లేచాడు.

"కూర్చోండి" అందామె. "దినామూ దిగనోళ్ళు ఈ పొద్దు ఎందుకు దిగేది?"

ఆయన కూర్చున్నాడు. రైలు కదిలింది. వైట్‌ఫీల్డు దాటాక ఆమె మెల్లగా అడిగింది. "ఇంట్లో బేజారా మీకు?"

మా కోలారు వైపు తెలుగులో ఈ మాటొకటి ఉంది, కన్నడం నుంచి వచ్చింది. పొద్దు గడవకపోయినా బేజారే. మనసుకు దెబ్బ తగిలినా బేజారే. చేసిన పనికి నొచ్చుకున్నా బేజారే. ఏ బేజారో మనిషిని చూసి మనమే తెలుసుకోవాలి.

"బేజారే కుముదా" అన్నాడాయన.

పొద్దు గడవడంలేదని ఆయన ఉద్దేశం. రెండు కుర్చీలు, ఒక టీవీ, మాట్లాడడం అలవాటులేని ఇద్దరు మనుషులు, అంతవరకే ఆయన చెప్పాడని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆమె పెద్ద బేజారు తీసుకుంది, తనతో బతుకే బేజారన్నట్టు. తప్పు ఆమెది కాదు. ఆ మాటతో పాటు ఇంకో రెండు మాటలు కలపొచ్చు కదా మనిషి. ప్రపంచంలో ఉన్న కథలన్నీ మాకు చెప్పినవాడికి ఆ రెండు మాటలు దొరకలేదు.

"నాకూ బేజారే" అంది కుముద. "నన్నెవరూ అడగలా."

మాలూరు వచ్చింది. ఆయన అలవాటుగా లేచి తన సంచి తీసుకున్నాడు. ఆమె లేవలేదు.

"దిగండి, మీ రైలు వచ్చేస్తాది" అంది. "నేను ఊరికి పోతా ఉండాను. హెడ్మిస్ట్రెస్ మూడు తూర్లు ఫోన్ చేసింది. నా జాగాలో ఇంగా ఎవర్నీ వేసుకోలేదంట. సాయంత్రం మీకు నేను లేకుంటే ఎట్లా అని మూడు తూర్లూ కాదన్నాను."

"ఇప్పుడే యాడికి పోతావు? సామాను..."

"మా స్కూలు ఆయా చిన్నవెంకటమ్మ ఇంట్లో ఉంటాను. వంటింట్లో చారు ఉండాది, వేడి చేసుకోండి."

రైలు ఎక్కువసేపు ఆగదు. ఆయన ఒకసారి మా వైపు చూశాడు, మేము ఏదైనా అంటామేమోనని. అలవాటు ప్రకారం మేము ఏమీ అనలేదు. ఆయన దిగాడు. బంగారుపేట దాకా కుముద కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత మాల వైపు తిరిగి కూతురి పరీక్షలు ఎట్లా జరిగాయని అడిగింది.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. వాళ్ళు విడిపోయారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పండగలకు ఆయన వస్తాడు, మధుర వస్తే కుముద బెంగళూరు పోతుంది. ఆమె స్కూలు దగ్గర రెండు గదుల ఇల్లు తీసుకుని మళ్ళీ పాఠాలు చెప్పుకుంటూ ఉంది. మొన్న ఆదివారం మార్కెట్లో కనిపించింది. చిక్కుడుకాయలు ఏరుతోంది, అమ్మేవాడు ఆమె దగ్గర చదువుకున్నవాడే కాబట్టి మంచివి తనే తీసి పెడుతున్నాడు. నాకు పాత ప్రశ్న అడగాలనిపించింది, అడిగాను.

"ఊరిడిసి పోయినందుకు బాధేమీ లేదప్పా" అంది. "తిరిగి వస్తే తీసుకునింది కదా. ఆయన మాట్లాడతారని నమ్మి పోయినాను చూడు, దానికి ఉండాది."

ఏదైనా మంచి మాట చెప్పాలనిపించింది. ఆయన మారాడని, ఆ రోజు నుంచి ఒక్క సాయంత్రం కూడా కె.ఆర్. పురం దాటలేదని, బండి ఆగకముందే తలుపు దగ్గర నిలబడుతున్నాడని, ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటున్నాడని చెప్పాను.

కుముద చేతిలోని కాయలు తక్కెడలో వేసింది.

"ఇప్పుడు దిగుతా ఉండారా" అంది. "ఇప్పుడు ఎవరికోసరం?"