పోతరాజు ఆఫీసుకు వెళ్ళిన ఆదివారం

ముందే ఒట్టేస్తున్నాను. తలంటు పోసుకుని, మడిబట్ట కట్టుకుని, తూర్పు ముఖంగా కూర్చుని రాస్తున్న మాటలివి. ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పితం కాదు. వాన పడుతోందని నేను చెప్తే మా ఇంట్లోవాళ్ళు కిటికీ తెరిచి చూసుకుంటారు. అది వాళ్ళ ఖర్మ. మీరు మాత్రం నమ్మాలి.

అమీర్‌పేటలో ప్రతి గోడ మీదా కంప్యూటర్ కోర్సుల కాగితాలు, వాటి మీద మళ్ళీ కాగితాలు అంటిస్తున్న రోజులు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన నేను కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. కింద ఇంటివాళ్ళు ఉండేవారు. వాళ్ళ కొడుకూ నేనూ పంజాగుట్టలో ఒకే కంపెనీ. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. అప్పటికింకా వాడి ఉద్యోగం ఖాయం కాలేదు.

సందు చివర పోచమ్మ గుడి. ఆషాఢంలో బోనాల ఆదివారం ఆడవాళ్ళు నైవేద్యపు కుండలు తలకెత్తుకుని గుడికి వెళ్తుంటే, వాళ్ళకు ముందు డప్పులకు చిందేస్తూ, కొరడా ఝళిపిస్తూ నడిచేవాడు పోతరాజు, అమ్మవారి తమ్ముడు. ఒళ్ళంతా పసుపు, నడుముకు వేపమండలు, కాళ్ళకు గజ్జెలు. ఆ వేషం తాతల నాటి నుంచీ మా కింది ఇంటివాళ్ళదే. ఆ ఏడు పెద్దాయన మోకాళ్ళు మొండికేశాయి. ఇక కొడుకు కట్టాలి. వాడు కట్టకపోతే గజ్జెలు ఎదురింటికి పోతాయని బస్తీ పెద్దలు తేల్చేశారు. అలా గడప దాటిన గజ్జెలు తిరిగి రావు.

పొద్దున్నే వాడి ఒంటికి నూనెలో కలిపిన పసుపు పట్టించారు. చేతులు, ముఖం, చెవుల వెనక కూడా వదల్లేదు. సరిగ్గా అప్పుడు ఆఫీసు నుంచి ఫోను. వాడు రాసిన ప్రోగ్రాం పడిపోయింది, ఇద్దరూ వెంటనే రమ్మని మేనేజర్ కబురు.

"కడుక్కొని పోయొస్తనే అమ్మా," అన్నాడు వాడు.

"తల్లి పేరు మీద పూసిన పసుపు. బోనం దించేదాంక నీళ్లు తగలొద్దు. కడిగితివా, ఇంకోనికి పూయాలె."

పెద్దాయన మంచం మీంచే అందుకున్నాడు. "నౌకరి పోతే ఇంకోటొస్తది. గజ్జెలు వస్తయా?"

"గా నౌకరితోనే గద నాయినా, నీ మోకాళ్లను దవాఖానల చూపెట్టేది."

"మాకు దవాఖాన గావాలని మోకాళ్లు నీతోని చెప్పినయా?"

"మీరిద్దరు జర ఆపుండ్రి," అంది వాళ్ళమ్మ. "పొద్దు నెత్తిమీదికొచ్చేదాంక డప్పులోళ్లను నేను ఆపుత. గంతకు మించి నాతోని గాదు."

పసుపు మీదే తెల్లచొక్కా తొడుక్కుని, చెప్పుల్లేని కాళ్ళతో వాడు బయల్దేరాడు. షేర్ ఆటోవాడు వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసి నన్నడిగాడు. "ఏంది భాయ్, పెండ్లి పీటలకెళ్లి లేపుకొచ్చినవా?"

"అవును. మళ్ళీ పీటల మీద కూర్చోబెట్టాలి, ముహూర్తం దగ్గరపడింది," అన్నాను. ఆ ఆటో పంజాగుట్ట చేరేదాకా చక్రాలు నేలకు ఆనలేదు. ఒట్టేశానుగా.

మా మేనేజర్ కోస్తా మనిషి. నవ్వితే జీతంలో కోతపడుతుందేమోనన్నట్టు ఉండేవాడు. "ఏంటయ్యా ఈ అవతారం?" అన్నాడు.

"బోనాలు సార్. నేను పోతరాజును."

"పోతరాజైనా యమధర్మరాజైనా, పని పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవకూడదు."

తప్పు ఎక్కడుందో వాడు చప్పున పట్టేశాడు, దిద్దేశాడు. అయినా లేవడానికి లేదు. అంతా సజావుగా నడిచేదాకా టీమంతా వీడియో కాన్ఫరెన్సు తెర ముందు ఉండాలని అమెరికా క్లయింటు పట్టుబట్టింది. అంటే సాయంత్రమే. కిటికీ అవతల పొద్దు పైపైకి పాకుతోంది. బల్ల కింద వాడి పాదం డప్పు లేకుండానే దరువేస్తోంది. తెల్లచొక్కా మెడ దగ్గర్నుంచి మెల్లగా పచ్చబడింది.

తెర మీది క్లయింటావిడ ముందుకు వంగింది. "ఆ అబ్బాయికి ఒంట్లో బాగోలేదా? రంగు అలా ఉందేం?"

అప్పుడు లేచాను నేను. "పచ్చకామెర్లు మేడమ్," అన్నాను. "మంచం దిగకూడని మనిషి. మీ పని ఆగకూడదని వచ్చాడు."

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. వెంటనే ఇంటికి పంపించమంది. మేనేజర్ నావైపు చూసిన చూపుకు నేను అక్కడే మాడి మసైపోవాలి. కానీ క్లయింటు మాట, కాదనలేకపోయాడు.

మేం సందు మలుపు తిరిగేసరికి డప్పులు మంట మీద కాగుతున్నాయి. ఎదురింటాయన చొక్కా విప్పి, పసుపు గిన్నె పక్కనే నిలబడ్డాడు.

"వచ్చిండా? నేనిప్పుడే అంగీ ఇప్పిన," అన్నాడు నీరసంగా.

"మళ్ల తొడుక్కో అన్నా, సల్లగాలి గొడ్తది," అంది వాళ్ళమ్మ.

పెద్దాయన ఒళ్ళో గజ్జెలు పెట్టుకుని గడపలో కూర్చున్నాడు. వంగని మోకాళ్ళతో కిందికి జరిగి, కొడుకు కాళ్ళకు తానే కట్టాడు. తల్లి బోనం ఎత్తుకుంది. తర్వాత వాడు వేసిన చిందుకు గోడల మీది కోర్సు కాగితాలు పొరలుపొరలుగా ఊడి రాలాయి.

ఇక అసలు సంగతి. ఆటోను అనుమానించకండి, అది ఎగిరింది. కామెర్ల మాట పుట్టిందీ నిజమే. ఆ మాట అన్నది మాత్రం నేను కాదు. నేను బల్లకేసి చూస్తూ కూర్చున్నాను. లేచింది మేనేజర్. కనురెప్ప ఆర్పకుండా "పచ్చకామెర్లు" అన్నాడు. పైగా నాతో, "రోగిని ఒంటరిగా పంపకూడదు, నువ్వూ వెళ్ళు," అన్నాడు. సాయంత్రం దాకా ఆ తెర ముందు ఒక్కడే కూర్చున్నాడు. అంత చక్కటి అబద్ధం ఓ మేనేజర్ దగ్గర వృథాగా పడి ఉండటం చూడలేక దాన్ని నేను దత్తత తీసుకున్నాను. బాగానే పెంచాననుకుంటాను.

మర్నాడు ఆయన వాడి కుర్చీ దగ్గర ఆగాడు.

"తగ్గాయా కామెర్లు?"

"తగ్గినయి సార్. ఏడాదికోపారి వస్తయి."

"అయితే వచ్చే ఏడు సెలవు ముందే పెట్టుకో," అని ముఖం చిట్లించుకుని వెళ్ళిపోయాడు.