బియ్యం డబ్బాలో ఆరిన లెక్క

మా కెమిస్ట్రీ మాస్టారు పోయారు. మంగళవారం పొద్దున్నే కాలేజీ అటెండరు సైకిలు మీద పటమటలోని మా ఇంటికొచ్చి చెప్పాడు. ఆ సాయంత్రమే సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాం. గురువారం కాలేజీలో సంతాపసభ. మా డిపార్టుమెంటు హెడ్డుగారు కళ్ళు తుడుచుకుంటూ, "ఆయన నాకు కుడిభుజమండీ" అన్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా. నాకు మాత్రం రోత పుట్టింది. హెడ్డుగారి మీద కొంత, నా మీద అంతకన్నా ఎక్కువ. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాస్టారి పిచ్చంతా చిన్న చిన్న వలయాల మీద. మూడో నాలుగో కార్బన్ పరమాణువులు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే వాటికి ఇష్టమైన కోణం దొరకదు. బలవంతంగా వంగి ఉంటాయి. ఆ వంపులో ఎంత బిగువు దాగి ఉందో లెక్కగట్టడం ఆయన పని. క్లాసులో కొబ్బరి ఈనెను వంచి నా చేతికిచ్చి, "వదలకు, మొహాన కొడుతుంది" అనేవారు. వదిలేవాణ్ణి, కొట్టేది. క్లాసంతా నవ్వేది.

"చూశావుటోయ్, వంగినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు" అనేవారు మాస్టారు.

ఆ లెక్కలు చేత్తో తెమిలేవి కావు. కంప్యూటరేమో హైదరాబాదులో. ప్రోగ్రామంతా చిల్లులు పొడిచిన అట్ట కార్డుల మీద ఉండేది. ఆ కట్ట పట్టుకుని సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కేవారు. ఒక్క కామా తప్పినా యంత్రం తిప్పికొట్టేది. మళ్ళీ ఇంటికి, మళ్ళీ రైలుకి. వానాకాలం వస్తే మన బెజవాడ గాలికి కార్డులు చెమ్మెక్కి, ఉబ్బి, యంత్రంలో ఇరుక్కునేవి. అందుకని వాటిని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టేవారు.

"ఇన్నాళ్ళూ రాళ్ళు ఏరుకున్నాను, ఇక అట్టముక్కలు కూడా ఏరుకోవాలి కాబోలు" అని అమ్మగారు, అంటే మాస్టారి భార్య, సణిగేవారు.

"ఏరుకో గానీ వరస మాత్రం మార్చకే. నా రెండేళ్ళ కష్టం కృష్ణలో కలిసిపోద్ది" అనేవారాయన.

చివరికి తేలింది. నాలుగు కార్బన్ల వలయం చదునుగా ఉండదు, ఎండలో వేసిన అప్పడంలా ఒక పక్కకి లేస్తుంది. ఆ మడత ఎంతో మాస్టారి లెక్కలో కచ్చితంగా వచ్చింది. అప్పుడు హెడ్డుగారు నన్ను గదిలోకి పిలిచారు. నేనప్పటికి చదువైపోయి అదే కాలేజీలో తాత్కాలిక ట్యూటర్ని.

"వ్యాసం నువ్వు టైపు చెయ్యవయ్యా. పేరు నాదొక్కటే పెట్టు. డాక్టరేట్ లేనివాడి పేరుంటే జర్నల్ వాళ్ళు చూడను కూడా చూడరు. నీ పోస్టు సంగతి నేను చూసుకుంటాగా" అన్నారు.

టైపు చేశాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పోస్టు ఖాయమైంది. ఆ జీతంతోనే ఇవాళ్టికీ తింటున్నాను. తలుచుకుంటే ముద్ద దిగదు, అయినా దింపుతూనే ఉన్నాను.

ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకోటి ఉంది. తప్పులుంటే దిద్దించుకు రమ్మని హెడ్డుగారంటే, ఆ కాగితాలు పట్టుకుని మాస్టారింటికే వెళ్ళాను. ఆయన మొదటి పేజీ కాసేపు చూశారు. తర్వాత చివరిదాకా చదివి, ఎర్ర పెన్సిలుతో ఒకచోట దిద్దారు.

"మడత కోణంలో అంకెలు తారుమారు కొట్టావోయ్. ఇలాగే పోతే లెక్క అబద్ధమైపోద్ది" అన్నారు. అంతే. టీ తాగి వెళ్ళమన్నారు. తాగాను కూడా. చెంప మీద ఒక్కటిచ్చి ఉంటే ఎంత బాగుండేది.

మొన్న ఆదివారం అమ్మగారిని చూడటానికి వెళ్ళాను. ప్రార్థనకొచ్చిన వాళ్ళు అప్పుడే లేచి వెళ్తున్నారు. నన్ను కూర్చోమని, లోపలినుంచి ఆ వ్యాసం అచ్చయిన జర్నల్ తెచ్చారు. పెళ్ళి ఫొటోల ఆల్బంలా దానికి అట్ట వేసి ఉంది.

"మీ మాస్టారు దీన్నెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు నాయనా. టైపు కొట్టింది మావాడేనని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. నాకా ఇంగ్లీషు రాదాయె. ఇందులో ఆయన పేరెక్కడుందో కాస్త చూపించు. రేపు మంగళగిరి నుంచి మా వాళ్ళొస్తే చూపించుకుంటాను" అన్నారు.

పేజీ తెరిచి, పైనున్న పెద్ద అక్షరాల కింద వేలు పెట్టారు. "ఇదేనా?"

"కాదమ్మగారూ. అందులో మాస్టారి పేరు లేదు. ఆ పేరు నేనే టైపు కొట్టలేదు" అన్నాను.

ఆవిడకి వినపడలేదో, నమ్మబుద్ధి కాలేదో తెలియదు. వేలిని మెల్లగా కింది వరసకి, హెడ్డుగారి పేరు మీదికి జరిపి నా మొహంలోకి చూశారు.

"అయితే ఇదా నాయనా?"