ములకలపల్లి గోదాములో మూడు స్కానర్లు, ఒక బొట్టు

మేం ఖమ్మంలో చింతపండు, కుంకుడుకాయ, కరక్కాయ కొని, గోదాముల్లో పెట్టి అమ్ముతాం. బస్తా మీది లేబుల్‌ను చదివి అప్పటికప్పుడే లెక్క ఎక్కించుకునే చేతి కంప్యూటర్లు కొనాలని ఈ ఏడాది మా యజమాని నిర్ణయించారు. ఏది కొనాలో తేల్చే పని నా నెత్తిన పడింది. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మకందారు ఏసీ గదిలో ఒక యంత్రాన్ని కార్పెట్ మీద పడేసి, "చూశారా మేడమ్, ఏం కాలేదు" అన్నాడు. కార్పెట్ మీద పడితే నాకూ ఏం కాదు. "దుమ్ములో పడ్డా, తడిసినా, కుళాయి కింద కడిగినా పనిచేస్తుంది" అని కూడా అన్నాడు. స్టీలు గ్లాసు గురించి చెప్తున్నట్టే ఉందని నవ్వుకుని, మూడు రకాలు నమూనాకు తీసుకున్నాను. వాటిని అడవి అంచున ఉన్న మా ములకలపల్లి గోదాములో చూడాలి. మూడింట్లో ఒక్కటైనా అక్కడ పనిచేయకపోతే ఆ గోదాము మూసేసి, సరుకంతా కొత్తగూడేనికి మార్చేస్తామని యజమాని ముందే చెప్పారు. అదే జరిగితే అక్కడ బస్తాలు మోసే హమాలీ ముఠాకు ఊళ్ళో పని ఉండదు. ఈ ప్రయాణం అలా మొదలైంది.

ఖమ్మం బస్టాండులో పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడేనికి రెండు గంటల పైన పడుతుంది. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే చాలు, టికెట్ ఉచితం; మగవాళ్ళు మాత్రం జేబులో రెండు వందలు ఉంచుకోవాలి. రైల్లో వచ్చేవాళ్ళకు ఒక మాట. కొత్తగూడెం స్టేషన్ బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది. అది చూసి గుడి పక్క వీధిలోనే ఉందనుకోకండి, అక్కణ్ణుంచి ఇంకా చాలా దూరం ఉంది. నేను బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, ఇంకో బస్సులో పాల్వంచలో దిగాను. అక్కడ సలీం అనే ఆటో డ్రైవర్ పోనూ రానూ తొమ్మిది వందల కిరాయికి ఒప్పుకున్నాడు.

నా సంచిలోంచి పిడి ఉన్న స్కానర్ బయటికి కనిపిస్తోంది. సలీం అద్దంలోంచి దాన్నే చూస్తున్నాడు.

"ఏంది మేడమ్ గది, పిస్తోలు లెక్కుంది?"

"బస్తాలు లెక్కపెట్టేది."

"అట్లనా! గది పట్టుకొని అడివిల దిగకున్రి. ఫారెస్టోళ్ళు చూస్తే నన్ను గూడ ఆపుతరు."

పాల్వంచ దాటాక అడవి మొదలైంది. ఈ దారిలో నేను మొదటిసారి రావడం. టేకు చెట్లు, మద్ది చెట్లు రోడ్డుకు రెండు వైపులా ఎంత దట్టంగా నిలబడ్డాయంటే, నడినెత్తి పొద్దు కూడా ఆకుల్లోంచి అడిగి అడిగి కిందికి దిగుతున్నట్టుంది. ఫోన్లో సిగ్నల్ ఎప్పుడు పోయిందో చూసుకోలేదు. ఇంత అడవి ఇంటికి ఇంత దగ్గర్లో ఉండగా సెలవులకు ఎక్కడెక్కడికో పోయినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

గోదాము తలుపు తీయగానే చింతపండు పులుపు ముక్కులోకి, కుంకుడు దుమ్ము కళ్ళలోకి వచ్చాయి. రేకుల కప్పు దాకా బస్తాలు, వాటి మధ్య మనిషి పట్టేంత సందు. ముఠా పెద్ద రాములమ్మ తన వాళ్ళతో కోయ భాషలో ఏదో చెప్పి, నావైపు తిరిగి తెలుగులో సూటిగా అడిగింది.

"ఇయ్యి పన్జెయ్యకపోతే మా గోదాం ఎత్తేస్తరంట గద మేడమ్. నిజమేనా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అవునమ్మా. అందుకే వచ్చాను" అన్నాను.

మూడు యంత్రాల్నీ బల్ల మీద పెట్టి, నేను లేబుళ్ళు తెచ్చుకోవడానికి ఆటో దగ్గరికి వెళ్ళాను. వచ్చి మొదటి బస్తాకు లేబుల్ అతికించి, మొదటి యంత్రం మీట నొక్కాను. చదవలేదు. రెండోదీ చదవలేదు. మూడోది, అన్నిటికన్నా ఖరీదైనది, అదీ ఉలకలేదు పలకలేదు. పొద్దున ఖమ్మంలో మూడూ పనిచేశాయి! అమ్మకందారుకు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. ముఠా అంతా పని ఆపి నన్నే చూస్తోంది. యజమానికి ఏం చెప్పాలి, వీళ్ళ ముఖాలు ఎలా చూడాలి అని నాకు చెమటలు పట్టాయి.

యంత్రాన్ని తిప్పి చూస్తే అసలు సంగతి తెలిసింది. లేబుల్ చదివే ముందరి గాజు నిండా పసుపు, దాని మీద ఎర్రగా కుంకుమ! ఇక్కడ కొత్త కాటా వచ్చినా, గునపం వచ్చినా బొట్టు పెట్టకుండా పని మొదలుపెట్టరట. గోదాము నిలబెట్టే యంత్రాలు కదా అని రాములమ్మ మూడింటికీ నిండుగా, తడిగా పెట్టింది.

"ముఖం అదే అనుకున్న మేడమ్" అంది బిక్కమొహంతో. "కన్ను అని తెల్వదు. ఖరాబైనయా?"

కొంగుతో తుడిచాం. ఫోన్‌లా ఉన్న మొదటిది గాజు వరకు శుభ్రమైంది కానీ, చింతపండు జిగురు వేళ్ళతో రాములమ్మ తెర మీద ఎన్నిసార్లు నొక్కినా కదల్లేదు. రెండోదానికి గాజు లోతుగా ఉంది, తుడిచేకొద్దీ పసుపు మూలల్లోకి పోయింది. పిడి ఉన్న మూడోదానికీ మూలల్లో పసుపు ఉండిపోయింది. కుళాయి కింద కడిగినా పనిచేస్తుందని అమ్మకందారు అన్నది దీని గురించేనని అప్పుడు గుర్తొచ్చింది. తెగించి దాన్ని తీసుకెళ్ళి బోరు కుళాయి కింద పెట్టాను. "అయ్యో, కరెంటు సామాను!" అని సలీం అరిచాడు. పసుపునీళ్ళు నా చేతుల మీదుగా పారాయి. గుడ్డతో ఒత్తి, రాములమ్మ చేతికే ఇచ్చాను. జిగురు వేలితో ఆమె పిడి మీట నొక్కింది.

కీక్ మంది.

ఆ చప్పుడుకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిగతా బస్తాలకూ లేబుళ్ళు అతికించాక ముఠా వరసగా నిలబడింది. వీళ్ళు మొదటి బస్తాను ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం" అని రాగం తీస్తే కీక్, "రెండు" అంటే కీక్. మనిషి నుంచి మనిషికి బస్తా, గొంతు నుంచి గొంతుకు లెక్క, వాటి వెనకే యంత్రం. ఎవరూ ఆగలేదు, ఎవరూ తడబడలేదు. ఎన్నేళ్ళుగానో కలిసి పనిచేస్తున్నట్టు ఆ యంత్రం వాళ్ళ పాటలో కలిసిపోయింది. నేను నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను. సిగ్నల్ లేకపోయినా లెక్కంతా లోపలే దాచుకుని, తిరుగుదారిలో పాల్వంచ రాగానే ఆఫీసుకు పంపింది. యజమాని నుంచి రెండు మాటలే వచ్చాయి: "గోదాము ఉంటుంది."

గోదాముకు ఫోన్ కలవదు, ఆ కబురు మర్నాటిదాకా ఆపడం ఇష్టంలేక సలీంను ఆటో వెనక్కి తిప్పమన్నాను. ఇంకో మూడు వందలు అడుగుతాడనుకున్నాను, అడగలేదు. మీలో ఎవరైనా గోదాముకు ఇలాంటివి కొనబోతుంటే ఒక్కటే చెప్తాను. డెమో గదిలో తేల్చకండి. మీ సరుకు దగ్గరికి, రోజూ పట్టుకునే చేతుల్లోకి తీసుకెళ్ళండి, కడగొచ్చని అమ్మినవాడు అంటే అక్కడే కడిగి చూడండి. ఆ రోజు ఆ బొట్టు అడ్డం రాకపోతే నేను మూడోదాన్ని కడిగి ఉండేదాన్ని కాదు.

కబురు విని రాములమ్మ లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. "ఈసారి ఎక్కడ పెట్టాలె?" అని అడిగి, యంత్రం పిడి వెనక జాగ్రత్తగా పెట్టింది. తర్వాత రెండో చేత్తో నా గడ్డం పైకెత్తింది.

"గోదాం నిలబెట్టినదానికి పెట్టాలె గద" అంటూ కుంకుమ వేలితో నా నుదుటన బొట్టు దిద్దింది.